అమావాస్య నాడు ఆడని మగ్గం

లక్ష్మన్న మగ్గం మీద కప్పిన దుప్పటిని చూసి, అది మూలపడిన మగ్గమని తేల్చేసి పోయాడు ఒక అధికారి. దుప్పటి మీద పసుపూ కుంకుమా ఉన్నాయి. పక్కన కొట్టిన కొబ్బరికాయ ఉంది. అమావాస్య నాడు నేతగాళ్ళు మగ్గం ఆడించరని ఎమ్మిగనూరులో కుక్కలకు కూడా తెలుసు. లక్ష్మన్న భార్య కస్తూరమ్మ ఆ మాట చెప్పింది కూడా. కానీ ఆయన సెల్‌ఫోన్లో ఉన్నది ఒకటే ప్రశ్న: మగ్గం నడుస్తోందా, లేదా? లేదని నొక్కి వెళ్ళిపోయాడు. మరుసటి నెల నుంచి నేతన్న పింఛను ఆగిపోయింది.

లక్ష్మన్నకు యాభై ఎనిమిది. పన్నెండో ఏట మగ్గం గుంటలో కాళ్ళు పెట్టినవాడు. నడుము వంగింది, కళ్ళు మసకబారాయి. నేతగాడు యాభైకే ముసలివాడవుతాడని సర్కారుకు తెలుసు, అందుకే యాభైకే పింఛను పెట్టింది. అయితే మగ్గం నడుస్తోందని ఒక మహానుభావుడు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మామూలు వృద్ధాప్య పింఛను కోసం అరవై నిండేదాకా ఆగాలి. ఆ డబ్బుతోనే కస్తూరమ్మకు చక్కెర జబ్బు మాత్రలు వచ్చేవి. ఆమె మాత్రను రెండుగా విరిచి వేసుకోవడం మొదలుపెట్టింది.

వాళ్ళ ఎదురిల్లే మాది. అర్జీ నేనే రాశాను. ఇద్దరం ఆదోని బస్సెక్కాం. ముసలివాళ్ళకు టికెట్టులో పావు వంతు తగ్గిస్తారని ఎవరో చెబితే లక్ష్మన్న అడిగాడు. కండక్టరు ఆధార్ కార్డు తిప్పి చూశాడు.

"యాభై ఎనిమిదేనా? నువ్వింకా పిల్లోడివే గదప్పా!"

బస్సంతా నవ్వింది. లక్ష్మన్న కూడా నవ్వాడు. ఆ నవ్వంటేనే నాకు మంట.

ఆదోని ఆఫీసులో ఒక గుమాస్తా అర్జీ తీసుకుని, మళ్ళీ తనిఖీకి వస్తారు పొమ్మన్నాడు. రెండు నెలలు గడిచాయి. వచ్చినవాడు ఆ అధికారే. వచ్చిన రోజు కూడా అమావాస్యే. ఆ పొద్దు నేను అక్కడే ఉన్నాను.

"ఏమప్పా, మళ్ళీ ముసుగేసినావే?" అన్నాడు.

"అమావాస సారూ."

"అయితే యేమి? గుంటలోకి దిగి కూచో. ఆ నూలు నాడె నాలుగుసార్లు అటూ ఇటూ ఇసురు. ఫొటో తీసుకుంటా, నీ పింఛను నీకొస్తాది."

కస్తూరమ్మ దుప్పటి కొస పట్టుకుని మొగుడి వైపు చూసింది. ఊ అంటే లాగేసేదే. లక్ష్మన్న గుంట అంచుకు వచ్చాడు.

"సరే సారూ. మీరు ఈడనే, ఇప్పుడే సంతకం పెట్టండి. నేను దిగి కూచుంటా."

అధికారి పెన్ను తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఈ పొద్దా? అమావాస్య పూట మంజూరు కాగితం మీద నేను సంతకం పెట్టనప్పా. ఇరవై ఏండ్లుగా పెట్టలేదు. అందుకే గదా తనిఖీలన్నీ ఈ దినం పెట్టుకునేది!"

ఈ మాట నవ్వకుండా అన్నాడు. భక్తిగా అన్నాడు.

"మీకున్న అమావాస్య ఈయనకు ఉండదా సారూ?" అన్నాను.

"సదువుకున్నోని లెక్క ఉండావు. నీకెందుకప్పా ఈ సాదస్తం?"

లక్ష్మన్న భార్య చేతిలోంచి దుప్పటి కొస తీసుకుని, మగ్గం మీద సరిగ్గా సర్దాడు. అధికారి ఫోన్లో మళ్ళీ లేదు అని నొక్కాడు. నొక్కడం సంతకం కాదు కాబట్టి ఆయన నిష్ఠకు భంగం రాలేదు.

ఆయన సంగతి సరే. లక్ష్మన్న మీద కూడా నాకు అసహ్యం వేసింది. నాలుగుసార్లు నాడె విసిరితే ఏ దేవుడు దిగివచ్చేవాడు? పెళ్ళాం మాత్రలు విరుచుకుంటుంటే ఈయనకు దుప్పటి ముడతలు ముఖ్యమయ్యాయి. ఆ మాట మొహం మీదే అనేశాను. తర్వాత వారం రోజులు ఆ ఇంటి వైపు పోలేదు.

చివరిసారి ఎమ్మిగనూరు బస్టాండులో కనిపించాడు. నేసిన చీర చంకలో పెట్టుకుని సేటు దుకాణానికి పోతున్నాడు.

"ఏం మామా, ఇప్పటికన్నా బుద్ధొచ్చిందా?" అన్నాను.

మళ్ళీ ఆ నవ్వే నవ్వాడు.

"ఆయప్పనూ తిట్టొద్దు, నన్నూ తిట్టొద్దప్పా. ఆయప్పకూ అమావాస పట్టింపే, నాకూ పట్టింపే. ఆ పట్టింపుకు ఆయప్పకు జీతమొస్తాంది, నాకు పింఛను పాయె."