అజమత్ చిచ్చాకు ఖాళీ జాగా పడదు

అజమత్ చిచ్చాకు ఖాళీ జాగా పడదు. కొందరికి వంకాయ పడదు, కొందరికి దుమ్ము పడదు, ఆయనకు ఖాళీ పడదు. పొద్దున్నే తాండూరు బజారులో తన ఫొటో స్టూడియో తాళం తీసి, చాయ్ అయినా తాగకముందే గడప మీద నిలబడి, రెండు చేతుల వేళ్ళను చదరంగా కలిపి, ఒక కన్ను మూసి అందులోంచి బజారును చూసేవాడు. ఆ చదరంలో ఎక్కడైనా ఖాళీ కనిపించిందంటే, ఆ పూట ఎవరో ఒకరికి బదిలీ తప్పేది కాదు.

“జంగప్పా! జర ఎడమకు జరుగు.”

ఎదురు చాయ్ కొట్టు జంగప్ప పొంగుతున్న పాల మీది నుంచి తల ఎత్తేవాడు. “ఎందుకు జరగాలె?”

“ఎడమ దిక్కు ఖాళీగున్నది.”

“ఏడ?”

“బజార్ల!”

“బజారు ఖాళీగుంటే మునిసిపాలిటీకి చెప్పుపో. నా పాలు పొంగుతున్నయ్.”

అయినా జరిగేవాడు. జరగకపోతే చిచ్చా చేతులు దించడు, చేతులు దించకపోతే లోపలికి పోడు, గడపకు అడ్డంగా ఆయన నిలబడితే స్టూడియోకు గిరాకీ రాదు. ఆ గిరాకీయే జంగప్ప దగ్గర చాయ్ తాగేది.

మా ఇల్లు స్టూడియో పక్కనే. పుస్తకం పట్టుకొని స్టూడియో అరుగు మీద కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. చిచ్చా నన్ను ఎన్నడూ లేవమనలేదు. చదవనిచ్చే ప్రేమ అనుకునేదాన్ని. ఆయన చదరంలో కుడి పక్క మూల నింపడానికి పనికొస్తున్నానని తర్వాత తెలిసింది.

సినిమా పాటలంటే ఆయనకు ప్రాణం. అయితే మేమంతా కథానాయిక ముఖం చూస్తే ఆయన ఆమె పక్కనున్న గాలిని చూసేవాడు. ఒకసారి తన భార్య గౌసియాబీ చిచ్చీనీ నన్నూ మ్యాట్నీకి తీసుకుపోయాడు. తెర మీద విషాద గీతం నడుస్తోంది. పల్లవిలో తెర నిండా ఆమె ముఖమే. మొదటి చరణానికి ఆమె నడుము దాకా కనిపించింది, వెనక ఏటి నీళ్ళు కనిపించాయి. ఆఖరి చరణానికి కెమెరా వెనక్కి వెనక్కి పోయి, తెరంతా ఇసుకా ఆకాశమూ పరుచుకొని, ఆమె ఒక మూలన కందిగింజంత అయిపోయింది. హాలులో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు ఒత్తుకున్నారు. చిచ్చా లేచి నిలబడ్డాడు.

“అరె, ఎవరన్న పోయి ఆ పిల్ల పక్కన కూసోండ్రి!”

గేటు బాల్‌రాజ్ టార్చిలైటు వేసుకొని ఉరికి వచ్చాడు. “చిచ్చా, కూసో. గది సినిమా.”

“సినిమా అయితేంది? గంత పెద్ద ఒడ్డు మీద ఒక్క పోరిని ఇడిచిపెట్టి అందరు ఏడికి పోయిన్రు?”

“కెమెరా వాళ్ళు ఉన్నరు గద అక్కడ!”

చిచ్చా తెర వైపు చెయ్యి చూపాడు. “గదే నేను చెప్తున్న. వాళ్ళు గూడ వెనక్కే పోతున్నరు!”

వెనక బెంచీలు గొల్లుమన్నాయి. చిచ్చీ బురఖా ముసుగు దించుకొని, ఈయనెవరో తనకు తెలియదన్నట్టు తెర వైపు తిరిగింది. ఇంటికి నడుస్తుంటే చిచ్చా నాకు వివరించాడు. “పాట మాటలు ఇనకు బిడ్డా. ఆమె ఎన్ని కన్నీళ్ళు కార్చిందని చూడకు. తల మీద ఎంత జాగా ఇడిచిన్రు, పక్కన ఎంత ఇడిచిన్రు, గది చూడు. తల మీద బెత్తెడు జాగా అంటే ఖుషీగున్నట్టు. మూరెడు అంటే పరేషాన్. తెరంత ఖాళీ అంటే ఇగ ఎవ్వరు లేరన్నట్టు.”

“మరి ముఖం ఒక్కటే తెర నిండా ఉంటే?”

“పన్ను నొప్పి,” అన్నాడు చిచ్చా, ఏ అనుమానమూ లేకుండా.

ఈ సిద్ధాంతాన్ని ఆయన స్టూడియోలో అమలు చేయడంతో వచ్చింది చిక్కు. దుబాయికి పోవడానికి నిసార్ అనే కుర్రవాడు పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చాడు. అందులో ఇంకొకరిని కూర్చోబెట్టడానికి లేదు. చిచ్చా కెమెరా నల్లగుడ్డ కిందికి దూరి, బయటికి వచ్చి, మళ్ళీ దూరి, చివరికి కెమెరాను వాడి ముక్కు దాకా జరిపాడు. ఆ ఫొటో హైదరాబాదు పాస్‌పోర్టు ఆఫీసు దాకా పోయి తిరిగివచ్చింది.

“చెవులు లేవంటున్నరు చిచ్చా!”

“చెవులు పెడితే పక్కన ఖాళీ వస్తది బేటా.”

“దుబాయికి చెవులు లేకుంట ఎట్ల పోవాలె?”

ఆఖరికి చెవులతోనే తీశాడు. ఆ రోజు అన్నం మాత్రం తినలేదు.

గ్రూపు ఫొటోలకైతే ఆయన దగ్గర మందుంది. ఆ మందు పేరు ఈశ్వరమ్మ. సేడం అవతల ఏదో ఊరి నుంచి ఎప్పుడో వచ్చి, స్టూడియో ఎదురుగా బుట్టలో పల్లీలు, పుట్నాలు పెట్టుకొని అమ్మే అవ్వ. కుటుంబమంతా వరసగా నిలబడ్డాక చిచ్చా నల్లగుడ్డలోంచి తల బయటికి పెట్టి, “ఎడమ దిక్కు ఖాళీ!” అని అరిచేవాడు. అవ్వ బుట్ట మీద గుడ్డ కప్పి వచ్చి ఎడమ దిక్కున కూర్చునేది. మొదట్లో సిగ్గుపడేది. తర్వాత తర్వాత బుట్ట అడుగున ఒక జరీ అంచు చీర మడిచి పెట్టుకుంది. స్టూడియో ముందు జట్కా ఆగితే చాలు, తల దువ్వుకోవడం మొదలుపెట్టేది.

దోమ అనే ఊరి నుంచి వచ్చిన పాండురంగం పటేలు ఫొటో చూసి మండిపడ్డాడు. “ఈ ముసలామె ఎవరయ్యా?”

“ఫ్రేముకు, పటేలా.”

“ఫ్రేముకంటే?”

“కూరల ఉప్పు ఉన్నట్టు.”

“నా ఇంటి ఫొటోల నీ ఉప్పేంది?”

మళ్ళీ దోమ నుంచి బండి కట్టుకొని రావడం ఎవరి వల్ల అవుతుంది? పటేలు దాన్నే గోడకు తగిలించాడు. వియ్యంకుడు వచ్చి ఈమె ఎవరని అడిగితే, అసలు సంగతి చెప్పడానికి నామోషీ అయి, “మా మేనత్త” అన్నాడు. అన్నాక తప్పుతుందా? కొడుకు పెళ్ళికి మేనత్త రాలేదేమని వియ్యంకుడు అడుగుతాడు గనుక, పటేలు స్వయంగా పల్లీల బుట్ట దగ్గరికి వచ్చి ఈశ్వరమ్మకు బొట్టు పెట్టించి, బండి ఎక్కించుకొని పోయాడు.

తాజ్ మొహమ్మద్ పెళ్ళి ఫొటో కథ వేరు. పెళ్ళికొడుకు తల్లి షరీఫా, ఈ జరీ అంచు ఆమె పెళ్ళికూతురి ఇంటికి కావలసిన మనిషి అనుకుంది. పెళ్ళికూతురి తల్లి, ఆమె పెళ్ళికొడుకు వైపు మనిషి అనుకుంది. ఎందుకైనా మంచిదని రెండిళ్ళ వాళ్ళూ ప్రతి రంజానుకూ ఈశ్వరమ్మకు షీర్ ఖుర్మా పాయసం పంపేవారు.

తమ ఫొటోలో అవ్వ వద్దనుకున్నవాళ్ళు రైలెక్కి వికారాబాదు పోయి ఫొటోలు దిగడం మొదలుపెట్టారు. అక్కడి స్టూడియోలో పరదా మీద చెరువు, హంసలు ఉంటాయి, అవ్వలుండరు. “అందరు పోతున్నరు,” అని చిచ్చీ గొణిగేది. “పోనియ్. హంసలకేమన్న బాతాఖానీ వస్తదా?” అనేవాడు చిచ్చా.

నేను హైదరాబాదులో ఎం.ఏ. చదువుతున్న ఏడాది, దసరా సెలవులకు ఇంట్లో ఉండగా, ఈశ్వరమ్మ కడుపునొప్పితో బుట్ట పక్కనే ఒరిగిపోయింది. చిచ్చా, చిచ్చీ, నేను ఆమెను రైల్లో వికారాబాదు దవాఖానకు తీసుకుపోయాం. కడుపులో గడ్డ, తొందరగా ఆపరేషన్ కావాలి, దానికి రక్తం కావాలి అన్నారు. చిచ్చా ముందుగా చెయ్యి చాపాడు. కలవలేదు. చిచ్చీదీ నాదీ కూడా కలవలేదు.

“ఈమె మనుషులు ఎవరు? పిలిపించండి. రేపటికన్నా దొరకాలె,” అంది నర్సమ్మ.

“వస్తరు,” అన్నాడు చిచ్చా.

“ఎంతమంది?”

“జాగా సరిపోదు,” అని, వచ్చిన దారినే స్టేషనుకు పోయాడు.

ఆ మధ్యాహ్నం, మగతగా పడుకున్న అవ్వ పక్కన కూర్చొని చిచ్చీ నాకు చెప్పింది. నేను ఇంకా అరుగెక్కని రోజుల్లో ఈశ్వరమ్మ ఒకనాడు తలస్నానం చేసి, ఒక్కతే ఫొటో దిగడానికి వచ్చిందట. చిచ్చా నల్లగుడ్డ కింద నుంచి కెమెరా అద్దంలో చూశాడట. ఆమె, ఆమె చుట్టూ పరదా. ఇంకేమీ లేదు.

“నొక్కలేకపోయిండు బిడ్డా. ఫిల్ము అయిపోయింది, రేపు రా అవ్వా అన్నడు. లోపల డబ్బాల ఫిల్ము నిండుగున్నది. నేను సూడలేదా? మర్నాడు మన బడి ఏసుదాసు సారు ఇంటోళ్ళు ఫొటోకు వస్తే, వాళ్ళకు ఎడమ దిక్కు ఖాళీగున్నదని ఆమెను పిలిచిండు. ఖాళీ ఏడున్నది? వాళ్ళే తొమ్మిది మంది!”

తాండూరులో జరిగింది తర్వాత జంగప్ప చెప్పాడు. చిచ్చా స్టూడియో ముందున్న అద్దాల పెట్టెలోంచి అందమైన ఫొటోలన్నీ తీసేసి, ఈశ్వరమ్మ ఉన్న ఫొటోలన్నీ అంచుకు అంచు తాకేలా అంటించాడట. ఆగి చూసిన ప్రతివాడికీ, “మీ ఫొటోల ఉన్నామె వికారాబాద్ దవాఖానల ఉన్నది. రక్తం కావాలె,” అని చెప్పాడట. దోమకు కూడా కబురు పంపాడట.

మర్నాడు పొద్దున ప్యాసింజరు రైలు దిగి వార్డులోకి జనం రావడం మొదలైంది. నర్సమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

“మీరు ఆమెకు ఏమైతరు?”

“మా ఫొటోల ఉంటది,” అన్నాడు ఏసుదాసు సారు.

“ఫొటోల ఉంటే ఏమైతరు?”

సారు ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్న మనిషి. ఈ చుట్టరికాన్ని వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వెనక నుంచి పాండురంగం పటేలు తోసుకొచ్చాడు. “జరుగు సారూ. నేను మేనల్లుణ్ణి.”

అంతలో షరీఫా, ఆమె వియ్యపురాలు చెరో టిఫిన్ డబ్బాతో ఒకేసారి లోపలికి వచ్చారు.

“మీ తరఫు మనిషికి ఎట్లున్నదో అని వచ్చిన,” అంది షరీఫా.

“మా తరఫా? మీ మనిషి గద!”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “అయితే ఇన్ని రంజాన్ల సంది షీర్ ఖుర్మా ఎవరికి పంపినం?”

మంచం మీద అవ్వ కళ్ళు తెరవకుండానే అంది. “నాకే పంపిన్రు. మీ ఇంటిదాంట్ల చక్కెర జర తక్కువుంటది, షరీఫమ్మా.”

పటేలు రక్తం కలిసింది, తాజ్ మొహమ్మద్‌దీ కలిసింది. ఆపరేషన్ బాగా జరిగింది. వార్డులో నిలబడడానికి జాగా లేక నర్సమ్మ అందరినీ వరండాలోకి తరిమింది. పటేలు మాత్రం నిజమైన మేనల్లుడిలా అన్నింటికీ నస పెడుతూ, పాలు పలచగా ఉన్నాయని వంటమనిషితో కొట్లాట పెట్టుకున్నాడు.

వరండా చివర నిలబడ్డ చిచ్చా దగ్గరికి పోయి అడిగాను. “ఆ రోజు ఫిల్ము అయిపోలేదట కదా చిచ్చా?”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “నీ చిచ్చీకి ఫొటోగ్రఫీ తెల్వదు,” అన్నాడు. “సారు ఫొటోల ఎడమ దిక్కు నిజంగనే ఖాళీ.”

ఇదంతా జరిగి ఆరేళ్ళయింది. చిచ్చా ఇప్పటికీ స్టూడియో నడుపుతున్నాడు. పోయిన ఏడు ఇంట్లోకి టీవీ కొన్నాడు. వారానికోసారి సినిమా పాటలు వచ్చే వేళకు ఈశ్వరమ్మ పల్లీలు పట్టుకొని వచ్చి, చిచ్చా చిచ్చీల మధ్య కూర్చొని చూస్తుంది.