సవతి బిళ్ల సాక్ష్యం

నాలుగేళ్ల కిందట జూన్‌లో, విశాఖపట్నంలోని ఒక కలప మిల్లు కుటుంబానికి వంశచరిత్ర తయారుచేసే పని నాకు అప్పగించారు. అలాంటి పుస్తకాలు వేసే చిన్న సంస్థలో నేను సంకలనకర్తను. పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను గనుక ఇప్పుడు, పేర్లు మాత్రం మార్చి, జరిగింది జరిగినట్టు రాయగలుగుతున్నాను.

ఆ కుటుంబ మూలపురుషుడు నూకరాజు గారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, గుంట మీద దుంగ పెట్టి పైనొకరు కిందొకరు రంపం లాగే రోజుల్లో మొదలై, ఆవిరి మిల్లు దాకా ఎదిగారు. మునిమనవడు అప్పారావు గారు మాకిచ్చిన ముందుమాటలో ఆయన్ని 'ఏకపత్నీవ్రతుడు' అన్నారు.

మా పనిలో ఒక నియమం ఉండేది. ఒక పేరు వంశవృక్షంలోకి ఎక్కాలంటే రెండు సాక్ష్యాలు కావాలి: ఒక కాగితమో వస్తువో, దానికి తోడు మరో శాఖవారి నోటిమాట. సంకలనకర్త సంతకం పెడితేనే పేరు ఖాయం.

పాత వస్తువుల ఫోటోలు తీసే రోజు ఆ ఇంటి కోడలు లక్ష్మి గారు ఒక బంగారు గొలుసు తెచ్చారు. నూకరాజు గారి భార్యదట. దానికి అరిగిపోయిన చిన్న బిళ్ల వేలాడుతోంది. ఇదేమిటని అడిగాను.

"ఏటోనండి మరి. పెళ్లికూతురికన్నా ముందు దానికే బొట్టెడతాం. ఎందుకంటే మా అత్త సెప్పీది కాదు. అడక్కు, బొట్టెట్టు అనీది," అని నవ్వారు.

అది సవతి బిళ్ల. మొదటి భార్య చనిపోతే, ఆమె గుర్తుగా రెండో భార్య మెడలో వేసుకునేది. అంటే నూకరాజు గారికి అంతకుముందే ఒక భార్య ఉండేది.

పద్మనాభం అనే ఊళ్లో ఏదో పాత చుట్టరికం ఉందని లక్ష్మి గారే చెబితే బస్సెక్కి వెళ్లాను. ఆ చుట్టాలింట్లో ఎనభై దాటిన సూరమ్మ గారు వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్నారు. బిళ్ల ఫోటో చూపించాను.

"అది మా పైడమ్మదే. మా అమ్మమ్మని కని పురిట్లోనే పోనాది. మిల్లోళ్లు పిల్లనొద్దంటే మేనమావలు ఇక్కడ పెంచినారు," అన్నారు. "నాకేటీ ఒద్దమ్మా. నాను పోతే ఆ పేరు సెప్పినోళ్లుండరు. బుక్కులో ఎయ్యి, సాలు."

వస్తుంటే నాకెన్నో నెలని అడిగారు. ఆరో నెలన్నాను. "పెద్దాస్పత్రికే ఎల్లు తల్లీ. ఆలస్యం సెయ్యకు," అన్నారు.

రెండు సాక్ష్యాలూ కుదిరాయి. పైడమ్మ పేరు చేర్చి, సంతకం చేసి పంపాను. అప్పారావు గారు పిలిపించారు.

"మొదటి పేజీలోనే పురిట్లో పోయిన మనిషేటమ్మా? శుభమా అని బుక్కేత్తన్నాం," అన్నారు. తర్వాత నా పొట్టవైపు చూసి, మంచి చెబుతున్నట్టు, "కడుపుతో ఉన్నావు. సచ్చిపోయినోళ్ల గొడవ నీకెందుకు?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. కడుపుతో ఉన్నాను కాబట్టే అది నా గొడవ అన్నాను. ఆ నెలల్లో నన్ను తినేసిన భయమే అది: నాకేమైనా అయితే పాపకు నా పేరైనా ఎవరు చెబుతారని. తరతరాలుగా ఆ ఇంటి ఆడవాళ్లు ఆమెకే మొదటి బొట్టు పెడితే శుభం, ఆమె పేరు రాస్తే అశుభమా?

మా సంపాదకుడు నియమం పక్కన పెట్టారు. ఎవరి పుస్తకం వారిష్టమన్నారు. నా సంతకం వెనక్కి తీసుకున్నాను. మరొకరి సంతకంతో పుస్తకం వచ్చింది. అందులో పైడమ్మ లేదు. ఏకపత్నీవ్రతుడు అలాగే ఉన్నాడు.

అట్ట మీద మాత్రం నేను దగ్గరుండి తీయించిన గొలుసు ఫోటోనే వేశారు, బిళ్లతో సహా. ఒక ప్రతి పద్మనాభం తీసుకెళ్లాను. లోపల పేరు వెయ్యలేదని చెప్పాను. చదువురాని సూరమ్మ గారు అట్ట చూసి, లోపలికెళ్లి కుంకుమ తెచ్చి, బిళ్ల మీద బొట్టు పెట్టారు.

"లోపల ఒద్దన్నోళ్లే దాన్ని నెత్తినెట్టుకున్నారు, సూడు," అన్నారు.

ఈ పనిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగేది ఇంతే. కాగితాలు ఆ ఇంటి మగవాళ్లు ఇస్తారు, తీసుకోండి. తర్వాత ఆ ఇంటి ఆడవాళ్లు ఎందుకో తెలియకుండా ఏం చేస్తూ వస్తున్నారో అడగండి. కాగితాల్లో లేని పేరు అక్కడ దొరుకుతుంది.