సరోజక్క, పదకొండో రాయి

నిన్న పొద్దున నందిపేట్ బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. సరోజక్క ఇక లేదన్నారు.

ఏ సరోజక్క అని అడిగాను.
తెలిసే అడిగాను.

కొన్ని నెలలుగా కిడ్నీ జబ్బు. అయినా సోమవారం ల్యాబ్‌కి వస్తానని మెసేజ్ పెట్టింది. ఆమె మాట తప్పడం ఇదే మొదటిసారి.

నిన్నటి నుంచి అందరూ "పాపం" అని కామెంట్ పెడుతున్నారు. దయచేసి ఆ మాట తీసేయండి. ఆమెతో వాదించి ఓడిపోయిన మనమే పాపం.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. అక్క కోటగిరి పసుపు రైతు బిడ్డ. నిజామాబాద్‌లో మా కాలేజీ ల్యాబ్‌లో నాకు సీనియర్. ఫ్యాక్టరీల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని భూమి లోపలి నల్లరాయిలోకి పంపి దాచొచ్చా అన్నది మా ప్రాజెక్ట్. రాతి ముక్కను స్టీల్ గొట్టంలో బిగించి, ప్రెషర్‌తో గ్యాస్ పంపి వారాల తరబడి చూస్తాం. రాయి గ్యాస్‌ని పట్టుకుంటుందా, పగులుతుందా అని.

మన మార్కెట్ యార్డులో పసుపు కొమ్ము విరిచి చప్పుడు వింటారు కదా, ఎండిందా లేదా అని. అక్క రాళ్లకీ అదే పరీక్ష పెట్టేది. ప్రతి ముక్కనూ చెవి దగ్గర పెట్టుకుని టీ స్పూన్‌తో కొట్టేది.

ఒకసారి బాగున్న రాయిని పగిలిందని చెప్పి మాతో రెండు రోజులు స్కాన్లు చేయించింది. తీరా చూస్తే ఆ చప్పుడు ఆమె గాజులది. ఎంత నవ్వామో! మర్నాటి నుంచి గాజులు తీసి డ్రాయర్‌లో పెట్టి మరీ కొట్టేది.

పదకొండో రాయి బొంగురుగా మోగింది. ఈసారి స్కాన్‌లో నిజంగానే సన్నటి పగులు కనిపించింది. గ్యాస్ బయటికి వచ్చేసింది.

మిగతా పదీ బాగున్నాయి కాబట్టి దీన్ని రిపోర్టులోంచి వదిలేద్దాం అన్నారు పెద్ద సార్. అక్క కుర్చీలోంచి లేవకుండానే చెప్పింది.

"గా రాయి మా దిక్కు భూమిలకెళ్లే తీసిండ్రు సార్. రేపు గ్యాస్ పైకొస్తే మా బాపు బాయిలకే వస్తది. నేనైతే దాయ."

అంతే. ఆమెను ప్రాజెక్ట్ నుంచి తీసి స్టోర్ రూమ్‌లో కూర్చోబెట్టారు. అక్కడ గాజు సామాను తుడుస్తూనే, ప్రతి శనివారం వచ్చి, రిపోర్టు రాసే నన్ను అడిగేది. పదకొండోది రాసినవా అని.

పోయిన వారం హాస్పిటల్‌లోనూ అదే అడిగింది.

"రాసిన అక్కా" అన్నాను.

అబద్ధం. నేను రాయలేదు. నాకు భయం. ఆమె మాత్రం నమ్మి, నా చెయ్యి పట్టుకునే నిద్రపోయింది. ఆ చెయ్యి చూసుకుంటే నాకు సిగ్గేస్తోంది.

ఈ రోజు పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్లాను. పదకొండో రాయిని, దాని స్కాన్‌ని, అక్క పేరుని రిపోర్టులో పెట్టి అందరికీ పంపేశాను.

సార్, మీరూ నా ఫ్రెండ్స్ లిస్టులో ఉన్నారు. ఇది చదువుతారని తెలిసే రాస్తున్నా. స్టోర్ రూమ్‌లో అక్క కుర్చీ ఖాళీగానే ఉంది. నన్ను పంపుతానంటే రేపే వెళ్తాను.

అక్కా, పదకొండోది రాసిన.
ఇగ నిమ్మళంగ పండుకో.