తనిఖీ రోజు వాకిలి కడిగిన ఇంజనీరు

చుట్టాలొస్తున్నారని వాకిలి కడిగి కొంప ముంచుకున్నవాళ్ళని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి, ఆ మనిషిని నేనే. వాకిలి కడగడమనే ఒక్క పుణ్యకార్యంతో అపార్ట్‌మెంటు పని ఆపించి, ఒక సంసారంలో గుట్టు బయటపెట్టి, రెండు బస్తాల గోధుమలు బురదపాలు చేసిన ఘనత నాది. మామూలు మనిషికి ఇవన్నీ చెయ్యడానికి ఏడాది పడుతుంది. నాకు గంటన్నర పట్టింది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. కర్మన్‌ఘాట్ పక్కన రెండు సెల్లార్లు తవ్వి ఐదంతస్తులు లేపుతున్న సైటులో సివిల్ ఇంజనీరుగా చేరాను. చేరిన మూడో రోజున 'పర్యావరణ ఇన్‌చార్జి' అని ఇంకో తోక తగిలించారు, ఆ పని ఇంకెవరూ ముట్టుకోలేదు కాబట్టి. భయపడకండి, పని చిన్నదే. వాన పడితే సైటులోని మట్టి, సిమెంటు నీళ్ళు రోడ్డు పక్క కాలువలో పడి, అక్కణ్ణుంచి నాలాలోకి, నాలా నుంచి చెరువులోకి పోకూడదు. అందుకని సైటులో పల్లపు మూలన ఒక పెద్ద గుంత ఉంటుంది. బురద దాని అడుక్కి చేరి, తేరిన నీళ్ళే బయటికి పోతాయి. కాలువ నోటి చుట్టూ ఇసుక బస్తాలు ఉంటాయి. లారీ చక్రాలకంటి రోడ్డెక్కిన మట్టిని పారలతో ఎత్తి మళ్ళీ లోపల వేస్తారు. వాన పడ్డప్పుడల్లా ఇవన్నీ తిరిగి చూసి రిజిస్టరులో రాయడం నా వంతు.

రాసి ఊరుకునే రకమా నేను? గేటు పక్కన పెద్ద బోర్డు కూడా పెట్టించాను: "రోడ్డు మీది మట్టిని పారతో ఎత్తవలెను. నీళ్ళతో కడగరాదు. ఇసుక బస్తాలు కదపరాదు. గుంతలోని నీళ్ళు కాలువలోకి తోడరాదు." కింద నా పేరు, హోదా, సంతకం. ఆ సంతకం అందంగా రావడానికి మూడు రోజులు సాధన చేశాను. ఈ బోర్డును మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

మా యజమాని యాదిరెడ్డి గారు. ఆ సైటున్న చోట ఒకప్పుడు వాళ్ళ తాతలు జొన్నలు పండించారట, ఇప్పుడు ఈయన ఫ్లాట్లు పండిస్తున్నారు. ఆ వానాకాలం మొదలవగానే కింది గల్లీలోకి బురద వస్తోందని ఎవరో మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టారు. నేను చేరకముందే దాని మీద ఒక నోటీసు, చేరీ చేరగానే రెండో అర్జీ మీద ఇంకో నోటీసు. మూడో అర్జీ కూడా పడేసరికి ఆయన నన్ను పిలిచారు.

"బిడ్డా, బుధవారం పది గంటలకు తనిఖీ మేడమ్ ఒస్తదట. గీసారి తప్పు దొరికితే పని బంద్. శుక్రవారం స్లాబు ఆగుతది, నలభై మంది కూలోళ్ళు ఖాళీగ కూసుంటరు, నువ్వు ఇంటికి పోతవ్."

"మరి మీరు సార్?"

"నేనేడికి పోతనమ్మా, నా ఇల్లు గీ కిందనే." అని పళ్ళు కొరికారు. "గా అర్జీలు పెట్టేటోడు ఎవడో ఒక్కసారి దొరకాలె. మనం బాగుపడుతుంటె కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నడు."

నా ప్రొబేషను ఆ నెలాఖరుతో అయిపోతుంది. పైగా దిల్‌సుఖ్‌నగర్‌లో మా నాన్నకు చీరల షాపుంది. పోచంపల్లి చీర మడత విప్పేలోపే "మా బిడ్డ పెద్ద ఆఫీసర్" అన్న ముక్క కొనుగోలుదారు చెవిలో పడేస్తాడు. ఉద్యోగం ఊడితే ఆ గల్లీలో నేను మొహానికి ఏ చీర కప్పుకుని తిరగాలి?

మంగళవారం సాయంత్రం కుండపోత వాన. ఇంటికెళ్ళి మా అమ్మ దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను.

"గింతేనా? చుట్టమొస్తుంటె వాకిలి కడగకుంట ఉంటరా?" అంది అమ్మ. "ఆఫీసరైతె మాత్రం మనిషి కాదా? వాకిలి సాఫ్‌గుంటె సగం మనసు గెలిచినట్టె."

నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివాను. ఆ చదువంతా ఒకవైపు, మా అమ్మ ముక్క ఒకవైపు వేస్తే తక్కెడ అమ్మవైపే ఒరిగింది.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి ఎండ కాసింది. గేటు ముందు రోడ్డు మీద చీలమండ లోతు ఎర్రమట్టి. మా సూపర్‌వైజర్ సత్యం గారిని కేకేశాను. ఆయనది భీమవరం వైపు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్నా ఆ గోదావరి యాస మారలేదు.

"సత్యం గారూ, ట్యాంకర్ పిలిపించున్రి. రోడ్డు కడగాలె."

"కడగడమెందుకమ్మా? పది మందిని పెడితే గంటలో పారలతో ఎత్తి పారేస్తారు కదా."

"పారతోని ఎత్తితే మరకలుంటయ్ సార్. రోడ్డు మెరవాలె."

"మీ ఇష్టమండి బాబూ. తర్వాత నన్ననకండి మరి."

ట్యాంకర్ వచ్చింది. పైపు పట్టి కొడుతుంటే మట్టి కరిగి జరజరా కాలువలోకి పోతోంది. ఆహా, ఏం దృశ్యం! అప్పుడు నా చూపు ఇసుక బస్తాల మీద పడింది. బురద కొట్టుకుని, చిరుగులు పడి, చూడ్డానికే రోతగా ఉన్నాయి. ఇంటికెవరైనా వస్తే మాసిన బట్టల మూట మంచం కిందికి తోస్తామా లేదా? వాటిని సిమెంటు షెడ్డు వెనక్కి తోయించాను. తర్వాత గుంత. వారం రోజుల వాన బురద అంతా అందులోనే, చిక్కటి చాయ్ రంగులో. "మోటారు పెట్టి తోడెయ్యున్రి" అన్నాను. అవి మురికిగా ఉన్నాయంటే వాటి పని అవి చక్కగా చేస్తున్నాయని అర్థం. చీపురు మాసిందని చీపురు పారేసే మనిషికి అంత తెలివి ఎక్కడిది?

తెలివున్న మనిషి పక్కనే ఉంది. లక్ష్మమ్మ అని, పాలమూరు నుంచి వచ్చిన కూలీల పెద్ద. తట్ట కింద పెట్టి నడుం మీద చెయ్యేసుకుంది.

"మేడమ్, గీ నీళ్ళు ఏడికి పోతయ్?"

"కిందికి పోతయ్ లక్ష్మమ్మా."

"కింద ఎవరుంటరు?"

"ఎవరుంటే మనకేంది? మేడమ్ ఒచ్చేది గేటు కాడికి."

ఆ జవాబు తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తొమ్మిదిన్నరకల్లా రోడ్డు అద్దంలా తయారైంది. అక్కడితో ఆగానా? గేటు ముందు కల్లాపి చల్లి, తామరపూల ముగ్గు వేశాను. యాదిరెడ్డి గారు కారు దిగి నోరెళ్ళబెట్టారు.

"శభాష్ బిడ్డా! మా పిల్ల పెండ్లికి గూడ గింత సాఫ్ చేయలే. గిప్పుడు రమ్మను, ఎవరొస్తరో!"

పదయింది. రాలేదు. పదింబావైంది. తెచ్చిన కొబ్బరిబోండాలు మా మొహం చూస్తున్నాయి, మేం రోడ్డు మొహం చూస్తున్నాం. పదిన్నరకు నా ఫోన్ మోగింది.

"తనిఖీకి వచ్చినమ్మా. గంటైంది."

"ఎక్కడున్నరు మేడమ్? మేం గేటు కాడనే ఉన్నం!"

"నేను గేటు దగ్గర మొదలుపెట్టను. నీళ్ళు ఏడికి చేరతయో చూసి, ఆడి నుంచి ఎదురు నడుస్త. కింద నీలం గేటు ఇల్లున్నది చూడు, గా వాకిట్ల మంచం మీద కూసున్న. కాళ్ళు కింద పెట్టే జాగ లేదు."

నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఆ మాటే చెప్పాను. యాదిరెడ్డి గారు ఫోన్ దగ్గరికి వంగారు.

"నీలం గేటా? పక్కన కరివేపాకు చెట్టున్నదా అడుగు."

"ఉన్నదట సార్."

"గోడ మీద ఏనుగు బొమ్మ?"

"అదీ ఉన్నదట."

"అయ్యో! అది నా ఇల్లే!"

పరుగెత్తాం. మట్టితో పూడిన కాలువ పొంగి వాకిలంతా ఎర్రటి చెరువు. పొద్దున ఎండ చూసి కడిగి ఆరబోసిన రెండు బస్తాల గోధుమలు అందులో తేలుతున్నాయి. మేడమ్ గారు మంచం మీద కాళ్ళు ముడుచుకుని చాయ్ తాగుతున్నారు. చీపురు పట్టుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని యాదిరెడ్డి గారి భార్య పద్మమ్మ గారు నిలబడి ఉన్నారు. ఆ చీపురు ఊడవడానికి పట్టుకున్నట్టు లేదు.

"గీ మేడమ్ మనింటికెందుకొచ్చిండ్రు?" అన్నారు యాదిరెడ్డి గారు మెల్లగా.

"నేనే పిలిచిన."

"అంటే... గా అర్జీ?"

"గదొక్కటే కాదు, మూడూ నావే. సైటు బురద వాకిట్లకొస్తున్నదని ఇంట్ల పదిసార్లు చెప్పిన. ఒక్కసారన్న విన్నవా? 'చూస్త లే' అంటివి. ఇంట్ల చెప్తె వినకపోతివి, ఆఫీసుల చెప్పిన!"

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మా సైటు నిజం దేవుడికంటే ముందు పద్మమ్మ గారికి తెలిసిపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మాట ఈయన చెవిన ఎవరూ వెయ్యలేదు కాబోలు.

మేడమ్ లేచి కాలువ అంచు పట్టుకుని ఎదురు నడిచారు. వెనక మేమంతా, ఆ వెనక చీపురుతో పద్మమ్మ గారు. గేటు దగ్గర ఆగి, నా ముగ్గు చూసి, బోర్డు చూసి, గొంతెత్తి చదివారు. "రోడ్డు మీది మట్టిని పారతో ఎత్తవలెను. నీళ్ళతో కడగరాదు..." ఒక్కో వాక్యానికీ ఆగి, తడి రోడ్డునీ, బస్తాలు లేని కాలువనీ, ఖాళీ గుంతనీ చూశారు. "మంచిగ రాసిండ్రు. ఇదంతా చేయించింది ఎవరు?"

"కూలోళ్ళు మేడమ్," అన్నారు యాదిరెడ్డి గారు గబుక్కున. "ఎంత చెప్పినా వినరు."

లక్ష్మమ్మ నా వంక చూసింది. తిట్టినా బాగుండేది. కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిలలాడి, చివరికి నోరు తెరిచాను.

"కాదు మేడమ్. నేనే చేయించిన. లక్ష్మమ్మ ఒద్దన్నట్టె అడిగింది, సత్యం గారు పారలన్నరు. నేనే వినలే."

"మరి గీ సంతకం?"

"అది... అది గూడ నాదే."

"సంతకం మాత్రం మస్తుగుంది," అన్నారావిడ.

పని బంద్. గేటు నుంచి నీలం గేటు దాకా కాలువలోని మట్టి మొత్తం పారలతో ఎత్తేదాకా స్లాబు మాటెత్తకూడదు, శుక్రవారం మళ్ళీ వస్తానన్నారు. రెండు రోజులు అందరం కాలువలోనే. సత్యం గారు ఇసుక బస్తాలు మోశారు. యాదిరెడ్డి గారు సొంత వాకిట్లో పార పట్టారు, పద్మమ్మ గారు అరుగు మీద కూర్చుని ఆయన పని తనిఖీ చేశారు. నాకు గురువు లక్ష్మమ్మ. "గట్ల కాదు మేడమ్, పార పట్టేది. ముగ్గుగిన్నె అనుకుంటున్నవా?"

శుక్రవారం మేడమ్ మళ్ళీ కింది నుంచే నడిచొచ్చి, అంతా చూసి, సంతకం పెట్టారు. శనివారం స్లాబు పడింది. సాయంత్రం యాదిరెడ్డి గారు నన్ను ఇంటికి పిలిచి, "ఇగ నువ్వు..." అని మొదలుపెట్టగానే లోపల్నుంచి పద్మమ్మ గారి గొంతు వినబడింది.

"గా పిల్లను ఏమన్న అన్నవో, నాలుగో అర్జీ పెడత. తప్పు నాది అని నోరు తెరిచి చెప్పింది గా ఒక్కతే."

ఆయన దగ్గి, "...ఇగ నువ్వు పర్మనెంటు" అన్నారు.

ఇంట్లో మాత్రం ఉద్యోగం పర్మనెంటయిందని తప్ప ఇంకే ముక్కా చెప్పలేదు. మా అమ్మ ఇప్పటికీ చీరల షాపుకొచ్చిన ప్రతివాళ్ళతో అంటూనే ఉంటుంది: "వాకిలి కడుగు బిడ్డా అని నేనే చెప్పిన. గందుకే గా ఆఫీసరమ్మ ఖుషీ అయి, నౌకరీ పక్కా చేయించింది!"

కాబట్టి పాఠకులారా, కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి సాక్షిగా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. తనిఖీ రోజు బకెట్టు ముట్టను. పారే పట్టుకుంటాను. ఎక్కడ నీళ్ళ చుక్క పారబోయాలన్నా ముందు లక్ష్మమ్మ ప్రశ్న అడుగుతాను: కింద ఎవరుంటరు? ఇదంతా పెద్ద బోర్డు మీద రాసి, కింద సంతకం కూడా పెడదామనుకున్నాను. నేను సంతకం పెట్టిన మాటకు ఏం గతి పడుతుందో మీరు చూశారు కదా. అందుకని ఈసారి నోటిమాటతోనే సరిపెడుతున్నాను.