ఆముదం పోసిన బ్రేకులు

మొన్న కొత్తకోటలో బస్సు కోసం నిలబడి ఉంటే, రోడ్డు పక్క షెడ్డులో ఒక మెకానిక్ జీపు చక్రం కింద పడుకొని ‘కొట్టు... కొట్టు... పట్టు’ అని అరుస్తున్నాడు. లోపల కూర్చున్నవాడు ఆ అరుపుకు తగ్గట్టు పెడలు తొక్కుతున్నాడు. బ్రేకు గొట్టాల్లోని పాత ఆయిలు తీసి కొత్తది నింపేటప్పుడు గాలి బుడగ మిగలకూడదు. అందుకని ఒకడు తొక్కి పట్టాలి, ఇంకొకడు చక్రం దగ్గరి చిన్న మరను విప్పి బిగించాలి. అంతే పని. నా బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేకపోయాను. ఒకప్పుడు మా వాకిట్లో ఆ మాటలు అరిచింది నా తమ్ముడు, పెడలు మీద ఉన్న కాలు నాది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. మాది కోడేరుకు దగ్గరి పల్లె. వానలు ఎగ్గొట్టి, బోర్లు ఎండి, ఊళ్ళో సగం మంది మేస్త్రీల వెంట పనులకు వలసపోతున్న కాలం. నా తమ్ముడు వలసపోనని మొండికేసి ఒక పాత జీపు కొన్నాడు. నాగర్‌కర్నూల్‌కు మనుషులను తోలేవాడు. లోపల కూర్చున్నవాళ్ళ కంటే వెనక వేలాడేవాళ్ళే ఎక్కువ. ఇప్పటివాళ్ళు దాన్ని తప్పంటారు. మరి బస్సు రాని ఊరికి ఏ పెద్దమనిషి బండి పంపాడట? నేను బడి ముఖం ఎక్కువ చూడలేదు, ఉల్లిగడ్డలు కట్టిచ్చిన కాగితాలు విప్పి చదువు నేర్చుకున్నవాణ్ణి. అయినా పెద్ద రోడ్డు మీద దుకాణంలో మూత కదిలిన డబ్బాలో అమ్మిన బ్రేకు ఆయిలు కల్తీదని నాకు అనుమానమే. అది పోసిన కొన్నాళ్ళకే లోపలి రబ్బర్లు ఉబ్బి చక్రాలు పట్టేశాయి. వెళ్ళి అడిగితే దుకాణంవాడు మమ్మల్నే ఎగాదిగా చూసి, మీకు బండి తోలరాదన్నాడు.

అప్పుడు మా మేనమామ, పూర్వం లారీ తోలినవాడు, తమ్ముణ్ణి వెక్కిరించాడు.

“ఏందిరా అల్లుడా, ఇంట్ల ఆముదం పెట్టుకొని ఊరంత తిరుగుతున్నవ్? మా కాలంల బ్రేకులల్ల పోసింది గదే గద!”

మా నేలలో ఆముదం పండని చేను ఉండేది కాదు. పసిపిల్లల కడుపుకు, తలకు, బండి ఇరుసుకు, దీపానికి అన్నిటికీ అదే. జీపుకు మాత్రం ఎందుకు పనికిరాదు అనుకున్నాం. మామ చెప్పింది అబద్ధమూ కాదు. అయితే ఆ రోజుల్లో లారీల్లో పోసింది మిల్లులో తీసి శుద్ధి చేసిన ఆముదం, మా ఇంట్లోది నీళ్ళలో ఉడికించి తీసే వంటాముదం. ఈ తేడా ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

తమ్ముడు చేసిన శుభ్రం మాత్రం ఏ షెడ్డులోనూ చేసి ఉండరు. కొత్త రబ్బర్లు తెచ్చాడు. దవాఖానలో పారేసిన సెలైను గొట్టం చక్రం మరకు తగిలించి, రెండో కొస సీసాలో పెట్టాడు. పాత ఆయిలు డికాక్షను లాగా నల్లగా, రబ్బరు నలుసులతో దిగింది. తర్వాత స్పిరిట్ పోసి, అది తెల్లగా దిగేదాకా కడిగాడు. మిగిలిన స్పిరిట్ సీసాను మళ్ళీ పనికొస్తుందని సీటు కింద పెట్టుకున్నాడు. ఆ సీసా సంగతి గుర్తుంచుకోండి.

అటు పొయ్యి దగ్గర అమ్మ. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, దాన్ని మళ్ళీ తడి ఇగిరేదాకా కాయాలి. తమ్ముడు వాకిట్లోంచి కేకలు.

“అమ్మా, జల్ది! అద్దుమరేతిరి దాక కాస్తవా ఏంది?”

“వస్తున్న తియ్యిరా, పెండ్లికి పోతున్నట్టు జేస్తవ్!”

అమ్మ నవ్వుతూనే దించి ఇచ్చింది.

కొన్ని రోజులు జీపు బాగానే నడిచింది. ఒకనాడు మండే ఎండలో, నిండా జనంతో దిగుడు దిగుతుంటే పెడలు ఒక్కసారిగా నేలకు అంటింది. మలుపులో జీపు బోర్లాపడింది. మా చేనుకు కలుపు తీయడానికి వచ్చే అక్క, నాకు తోబుట్టువు లాంటిది, అక్కడికక్కడే పోయింది. తమ్ముడి కాలు విరిగింది. సీటు కింది సీసా పగిలి వాడి బట్టలన్నీ స్పిరిట్‌తో తడిసిపోయాయి. ఎత్తడానికి వచ్చినవాళ్ళకు మొదట తగిలింది సారా లాంటి ఆ వాసనే.

మర్నాడు బండ్లు తనిఖీ చేసే ఆయన వచ్చాడు. లేపి నిలబెట్టిన జీపు ఎక్కి పెడలు తొక్కాడు. రాయిలాగా గట్టిగా ఉంది.

“బ్రేకులు మంచిగనే ఉన్నయి గదయ్యా. తాగి తోలిండు.”

అంతే, తీర్పు అయిపోయింది. దేవతకు ఆరబోసే కల్లు సాకను కూడా పెదవికి తాకించుకోని మనిషి ఒక్క పూటలో తాగుబోతు అయ్యాడు.

తమ్ముడు కాలికి కట్టుతో ఇంటికి వచ్చిన సాయంత్రం, అమ్మ బ్రేకులకు పోయగా మిగిలిన ఆముదంతోనే గూట్లో దీపం ముట్టించింది. వత్తి చిటపటమంటూ చిందింది.

“నీ తొందరకు దించితి బిడ్డా, ఇంగ నీళ్ళు ఇగర్లే.”

మాట అనేసి ఆమె లోపలికి వెళ్ళిపోయింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎంత చెమ్మ ఉన్నా చాలు. దిగుడులో తొక్కీ తొక్కీ చక్రాలు కాలితే ఆయిలులోని నీరు ఆవిరవుతుంది. ఆవిరిని తొక్కితే అణుగుతుంది తప్ప బ్రేకు పట్టదు. చల్లారితే మళ్ళీ నీరే. అందుకే మర్నాడు పెడలు గట్టిగా నిలబడింది. నేను అప్పుడే ఠాణాకు పోతానని లేచాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

“నువ్ నోరు తెరిస్తే అమ్మ బత్కదన్నా. తాగిండనే అనుకోనియ్.”

నోరు మూసుకున్నాను. వాడు కేసు మోశాడు, శిక్ష మోశాడు, చివరికి పోనని మొండికేసిన ఆ వలసే పోయి కుంటుకుంటూ ఇటుకలు మోశాడు. అమ్మ మళ్ళీ ఎన్నడూ ఆముదం వండలేదు. ఎందుకని అడిగితే చేతకావడం లేదనేది. ఆమెకు తెలిసిందో లేదో నాకు ఈనాటికీ అంతు చిక్కలేదు. ఆమె పోయాక, ఇప్పుడైనా చెబుదామంటే, చచ్చిన అమ్మను బజారున పెడతావా అన్నాడు తమ్ముడు.

పోయినేడు వాడూ పోయాడు. మూడో నాడు వాడి పేరున పిట్టకు, అంటే కాకికి, పెట్టేటప్పుడు, వాడికి ఇష్టమైనవన్నీ ఆకులో సర్దుతుంటే, ఒక దాయాది జేబులోంచి మందు సీసా తీశాడు.

“పాపం, మస్తు తాగెటోడు. గిది లేకుంటె పిట్ట ముడుతదా?”

ఇన్నేళ్ళు దాచింది అక్కడే కక్కేశాను. ఆముదం, నీళ్ళు, ఆవిరి అన్నీ చెప్పాను. విన్నారు. నా భుజం తట్టారు. పెద్దాయనకు తమ్ముడంటే పావురం, ఆ ప్రేమకొద్దీ ఏదో చెప్తుండు అన్నారు. సీసా మూత తీసి ఆకు పక్కన వంచారు. ఆనాడు వాడి బట్టల మీద వచ్చిన వాసనే, సరిగ్గా అదే.

ఇప్పుడు మా వైపు ఆముదం చేలు లేవు, అంతా పత్తే. వంటాముదం ఎలా తీస్తారని అడిగితే మా ఇంటి కోడళ్ళు నవ్వుతారు. ఊరికి బస్సు వస్తుంది. ఆ దిగుడును చదును చేసి మలుపు తీసేశారు. అక్కడ ఒక మనిషి చనిపోయిందని కొత్తవాళ్ళకు తెలియదు. ఇన్ని మారాయి గదా. ఆ దారిన పోయేటప్పుడు మా ఊరివాడు ఎవడైనా కిటికీలోంచి చెయ్యి చాపి చూపిస్తూ పక్కవాడికి చెప్పే మాట ఒక్కటే మారలేదు:

“గీడనే, గాయన తాగి జీపు బోర్లేసింది.”