‘పందిట్లో పూలవాన’కు నేను రాసిన కేటలాగు

ఈ సంగతి నేను కాగితం మీద పెట్టకపోతే ఫిల్మ్‌నగర్‌లో వేరేవాళ్లు పెట్టేస్తారు. ఇప్పటికే మూడు కథనాలు చలామణిలో ఉన్నాయి. ఒకదాంట్లో నేను ప్రివ్యూ థియేటర్‌లో స్పృహ తప్పి పడిపోయాను. రెండోదాంట్లో మా కార్యదర్శి గారు పడిపోయారు. మూడోదాంట్లో ఇద్దరం పడ్డాం, మాతోపాటు తెర కూడా పడింది. నిజానికి ఆ రోజు పడింది నా పరువొక్కటే. లైబ్రరీలో పనిచేసే మనిషిని. తప్పుడు ప్రతులు ఊరంతా తిరుగుతుంటే అసలు ప్రతిని బీరువాలో దాచుకుని కూర్చోలేను. అందుకే రాస్తున్నాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. మీకన్నా ముందు నవ్వినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఏడేళ్ల కిందటి మాట. ఫిల్మ్‌నగర్‌లో సినిమా సాంకేతిక నిపుణుల సంఘం ఒకటి ఉంది. కింద ఆఫీసు, పైన నలభై సీట్ల ప్రివ్యూ థియేటర్, మెట్ల పక్కన ఒక చిన్న గది. ఆ గదే లైబ్రరీ. దానికి నేనే సర్వాధికారిని. వెంగళరావు నగర్ నుంచి రోజూ రెండు ఆటోలు మారి వచ్చి ఆ గది తాళం తీస్తుంటే, కోట తలుపులు తీస్తున్నంత గర్వంగా ఉండేది.

నాకు లైబ్రరీ సైన్సులో డిగ్రీ లేదు. చదివే పిచ్చి మాత్రం ఉంది. ఎవరూ ముట్టని లావుపాటి పుస్తకం కనిపిస్తే, జనం ముట్టకపోవడమే దానికి యోగ్యతాపత్రం అనుకునే రకాన్ని. అలా దొరికినవే కేటలాగు రాయడానికి వచ్చిన కొత్త నియమాలు. మూడుసార్లు చదివాను. మూడోసారి ఎర్ర పెన్సిల్‌తో.

అందులో రెండు సంగతులు నా తలకెక్కాయి. ఒకటి: పాత పద్ధతిలో పేర్లు మూడు దాటితే మొదటి ఒక్కటీ రాసి ‘తదితరులు’ అనేసేవారు. కొత్త పద్ధతిలో ఎంతమంది ఉంటే అంతమందినీ, ఎవరు ఏ పని చేశారో చెబుతూ రాసుకోవచ్చు. రెండు: వీడియోకు పేరు అట్టపెట్టె చూసి రాయకూడదు, తెర మీద పడే టైటిల్ చూసి రాయాలి. అక్కడ ఎలా కనిపిస్తే అలాగే దించాలి.

రెండూ బంగారం లాంటి నియమాలు. తప్పు వాటిది కాదు. వంటల పుస్తకం బాగానే ఉంటుంది. ఉప్పనుకుని వంటసోడా డబ్బా అందుకున్న చెయ్యి నాది.

మా కార్యదర్శి రామ్మోహనరావు గారు ఒకప్పుడు సౌండ్ ఇంజనీరు. ఒకరోజు లైబ్రరీలోకి వచ్చి చప్పట్లు కొట్టారు. నన్ను మెచ్చుకుంటున్నారని నేను లేచి నిలబడ్డాను.

“నీకు కాదమ్మా పద్మజా, ఎకో చూస్తున్నాను. ఈ గది డబ్బింగ్‌కి భలే పనికొస్తుంది.”

“మరి లైబ్రరీ అండీ?”

“దీనికి వచ్చేదెవరమ్మా? నువ్వూ, ఎండ పడలేక ఆ కొరియరతనూ. వచ్చే నెల మొదటి ఆదివారం సర్వసభ్య సమావేశం. ఈలోగా ఈ గదివల్ల సంఘానికి ఏం ఒరిగిందో ఒక్కటంటే ఒక్కటి చూపించు. లేకపోతే బీరువాలు మెట్ల కిందకి వెళ్లిపోతాయి. ఏమీ అనుకోకు.”

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను? కళ్లు తుడుచుకుని, మూలనున్న అట్టపెట్టెల మీద పడ్డాను. రిటైరైన ఎడిటర్ చలపతి గారు ఇల్లు ఖాళీ చేసి విశాఖలో కూతురి దగ్గరికి వెళ్తూ, అటకమీద ఉన్న వీడియో క్యాసెట్లన్నీ మాకు విరాళంగా ఇచ్చి వెళ్లారు. ఒక్కొక్కటీ వేసి చూసి కేటలాగు రాయాలి. వీసీఆర్ నడిపేది మా ఆపరేటర్ యాదగిరి. ఆ యంత్రం ఆయన మాట తప్ప ఎవరి మాటా వినేది కాదు.

పదకొండో క్యాసెట్. లేబుల్ మీద నీలం ఇంకుతో ‘విమల పెళ్లి’ అని ఉంది. లోపలికి తోశాం. తెర మీద దీపం వెలిగింది. ‘శ్రీ విమలా పిక్చర్స్ సమర్పించు’. తర్వాత పూలు రాలుతూ, మెలికలు తిరిగే అక్షరాల్లో ‘పందిట్లో పూలవాన’. ఆ వెనుకే ‘నూతన పరిచయం: విమల, శ్రీధర్’. నిర్మాత వెంకటరత్నం. కూర్పు, దర్శకత్వం చలపతి.

చలపతి గారు సినిమాకు దర్శకత్వం వహించారని పరిశ్రమలో ఎవరికీ తెలియదు!

నిడివి తెలియాలి కనుక మిగతాది ఫాస్ట్ ఫార్వర్డ్‌లో తిప్పాం. యాదగిరి తెర వైపే చూస్తున్నాడు.

“పద్మమ్మా, గీ సినిమాల ఎవ్వళ్లూ డైలాగులు చెప్తలేరేంది?”

“వేగంగా తిప్పితే మాటలు వినపడవు కదా, యాదగిరన్నా.”

“గా హీరోకు మేకప్ గూడ లేదు. ఎట్ల చెమటలు కారుతున్నయో సూడు.”

“సహజత్వం.”

“హీరోయినేమో మాటిమాటికి కెమెరా దిక్కు సూస్తుంది.”

“కొత్తమ్మాయి అని రాశారుగా.”

“గింతసేపటి సంది పెండ్లే అయితుంది. ఇంక కథ లేదా?”

“కుటుంబ కథాచిత్రం అన్నాక పెళ్లి ఉండదా?”

“అది గాదమ్మా, జర నా మాటిను. లేబుల్ మీద గూడ ‘విమల పెళ్లి’ అనే ఉన్నది గద?”

అప్పుడు నేను కుర్చీ ఆయన వైపు తిప్పుకుని ఉపన్యాసం ఇచ్చాను. లేబుల్ అనేది ఎవరైనా అంటిస్తారు, తెర మీది టైటిలే ప్రమాణం, లేబుల్ మీది పేరును ‘ఇతర నామం’ అన్న వరుసలో చూపిస్తే చాలు అని. యాదగిరి అంతా విని, “సరే తియ్, సదువుకున్నదానివి” అన్నాడు. ఆ మాటలోని వెటకారం నాకు చేరడానికి మూడు వారాలు పట్టింది.

సరిగ్గా సగంలో ‘విశ్రాంతి’ అని కార్డు పడింది. చివర ‘శుభం’ పడింది. ఇంకేం కావాలి చెప్పండి? దొంగకు కూడా ఇన్ని సాక్ష్యాలు అక్కర్లేదు.

ఆ సాయంత్రం కేటలాగు రాయడం మొదలుపెట్టాను. టైటిల్స్‌లో ముప్పై ఎనిమిది పేర్లున్నాయి. కొత్త నియమాలు చదివిన మనిషిని, ఒక్కరినీ వదల్లేదు. ‘మంత్రాలు: కామేశ్వర శర్మ’ అని ఉంటే, పాటల పల్లవుల్లో మంత్రాలు వాడుకున్నారు కాబోలనుకుని ఆయన్ను గేయ రచయితను చేశాను. సన్నాయి పిచ్చయ్య సంగీత దర్శకుడయ్యాడు. షామియానాలు వేసిన బాబ్జీ కళా దర్శకుడు. ‘భోజనాలు: సూరిబాబు’ దగ్గర మాత్రం రెండు రోజులు ఆగిపోయాను. ఎవరు ఏ పని చేశారో చెప్పే పట్టికలో వంటవాడికి చోటు లేదు. చివరికి ‘నిర్మాణ సహకారం’ అని రాశాను. కథా సంగ్రహం: ‘ఒక ఉమ్మడి కుటుంబంలో జరిగే పెళ్లి నేపథ్యంగా సాగే కథ. ప్రథమార్ధంలో అరటాకుల దగ్గర ఉద్రిక్తత.’

ఇక్కడైనా నాకు అనుమానం రావాలి. మీకు ఎప్పుడో వచ్చింది కదా? మీకు తెలివుంది. నాకప్పుడు నియమాలున్నాయి.

టైటిల్స్ చూపించగానే రామ్మోహనరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

“ఈ పేరు నేనెక్కడా వినలేదే! మన సంఘం రికార్డుల్లో చూశావా?”

“చూశానండీ. ఎక్కడా లేదు.”

“పాత పత్రికల్లో?”

“అసలు ఎక్కడా లేదండీ.”

“అంటే విడుదల కాలేదన్నమాట!” ఆయన బల్ల మీద చరిచారు. “పద్మజా, నువ్వు చరిత్ర తవ్వి తీశావు తల్లీ!”

లేకపోవడమే ఉనికికి రుజువని మేమిద్దరం అంత తేలిగ్గా తేల్చేశాం. చలపతి గారికి ఫోన్ చేసి ఒక్క మాట అడగవచ్చు కదా అంటారు. అడగవచ్చు. కానీ వస్తువే తన సంగతి తాను చెబుతుందని ఎర్ర పెన్సిల్‌తో గీత గీసుకున్న దాన్ని, మనుషుల్ని అడుగుతానా? సర్వసభ్య సమావేశం రోజు పొద్దున పదింటికి ప్రదర్శన, ఆ వెంటనే లైబ్రరీ గదిపై చర్చ అని ఆహ్వాన పత్రికలు వేయించాం. ‘శ్రీ చలపతి దర్శకత్వంలో, విడుదలకు నోచుకోని అపురూప చిత్రం’ అని. ఒకటి విశాఖకు కూడా పంపాం.

ఆదివారం నలభై సీట్లకూ జనం నిండి, మెట్ల మీద కూడా కూర్చున్నారు. కృష్ణానగర్ నుంచి పాత డాన్సర్లు, మేకప్ మెన్, లైట్ మెన్ వచ్చారు. చలపతి గారు కూతురినీ అల్లుడినీ వెంటబెట్టుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ఎందుకో ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఆనందమేమో అనుకున్నాను.

టైటిల్స్‌కి చప్పట్లు మోగాయి. తర్వాత ఒక మెటాడోర్ వ్యాన్ వచ్చి ఆగింది. అందులోంచి పరుపులు దించారు. ఆపకుండా ఐదు నిమిషాలు పరుపులే.

“లాంగ్ టేక్!” రామ్మోహనరావు గారు నా చెవిలో గుసగుసలాడారు. “ఆ రోజుల్లోనే!”

పరుపులయ్యాక గుండిగలు దిగాయి. గుండిగలయ్యాక ఒక పెద్దాయన కెమెరా ముందుకొచ్చి, “ఏమయ్యా, ఇది ఆన్‌లో ఉందా?” అన్నాడు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. వేగంగా తిప్పినప్పుడు వినపడని మాటలన్నీ ఇప్పుడు స్పష్టంగా, ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తున్నాయి. “పిన్నీ, తాళిబొట్టు ఎక్కడ పెట్టావు?” “వీడియో అతనికి కాఫీ ఇచ్చారా?”

వీడియో అతను! నా గుండె మెటాడోర్ వ్యాన్ ఎక్కి వెళ్లిపోయింది.

అంతలో తెర మీద భోజనాల పంక్తి వచ్చింది. సన్నగా రివటలా, మీసాలతో ఒక కుర్రాయన విస్తరి ముందు కూర్చుని, “ఇంకో రెండు బూర్లు వేయవయ్యా, లెక్కపెడతావేంటి!” అని వడ్డించేవాడి మీద కేకలేస్తున్నాడు. నా ప్రథమార్ధపు ఉద్రిక్తత అదే. వెనకనుంచి యాదగిరి గొంతు హాలంతా వినిపించింది.

“అరె! గా బూర్లడిగేది మన రామ్మోహన్ సారే కద!”

హాలు పగిలిపోయేలా నవ్వారు. నేను లైట్లు వేయించాను. మైకు దగ్గరికి వెళ్లాను. చలపతి గారు మెల్లగా లేచారు.

“అమ్మాయ్, ఇది మా విమల పెళ్లి. ఎడిటింగ్ రూములో సరదాగా టైటిల్స్ తగిలించి మురిసిపోయాను. ఆ పేరు పెట్టానని కూడా మర్చిపోయాను.” ఊపిరి పీల్చుకుని, “నీ కార్డు వచ్చినప్పటి నుంచి నాకు నిద్ర లేదమ్మా. సినిమా తీసి మర్చిపోయానంటే ఇంకేం మర్చిపోయానోనని! ఫోన్ చేసి అడగడానికి సిగ్గేసి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను. హమ్మయ్య, నేను బాగానే ఉన్నాను” అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియక ఆయన చేతులు పట్టుకున్నాను. అంతలో పక్కనున్న అల్లుడు శ్రీధర్ గారు సింహంలా లేచారు.

“మామయ్యగారూ! ఈ క్యాసెట్ మీ దగ్గరే ఉందన్నమాట! దీని మీద నేను క్రికెట్ మ్యాచ్ రికార్డు చేశానని పాతికేళ్ల నుంచి ఇంటిల్లిపాదీ నన్ను తింటున్నారే!”

విమల గారు పగలబడి నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. “నిజమే సుమండీ. పిల్లలకు కూడా అదే చెప్పాను.”

“చూడండి మేడమ్,” శ్రీధర్ గారు నా వైపు తిరిగారు. “ఇది ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అని మీ రికార్డులో ఉంటుంది కదా? నాకు కాపీ కావాలి. సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇవ్వండి.”

నేను మైకులో క్షమాపణ మొదలుపెట్టాను. వెనక వరుసలోంచి ఒక పాత మేకప్ మ్యాన్, “సారీ తర్వాత చెప్పు బిడ్డా, ముందు సినిమా నడిపియ్. గా తెర మీద మెట్ల కాడ నిలవడ్డది నేనే” అన్నాడు. మళ్లీ లైట్లు ఆర్పారు. తర్వాత రెండు గంటలూ తెర మీద కన్నా హాల్లోనే ఎక్కువ కథ నడిచింది. “అదుగో మన బాబ్జీ!” “ఆ పిల్లాడు ఇప్పుడు కెమెరామన్ అయ్యాడు కదూ!” ఇప్పుడు లేని ఒకరిద్దరు తెర మీద నవ్వుతూ నడిచి వెళ్లినప్పుడు మాత్రం హాలు నిశ్శబ్దమైంది. ‘శుభం’ పడ్డాక ఎవరూ లేవలేదు.

చర్చ రెండు నిమిషాల్లో ముగిసింది. లైబ్రరీ ఉండాలన్నవాళ్లు చేతులెత్తండి అంటే అందరి చేతులూ లేచాయి. రామ్మోహనరావు గారు మాత్రం గంభీరంగా నా దగ్గరికి వచ్చారు. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను.

“ముప్పై ఎనిమిది పేర్లు రాశావు. అందులో నా పేరేదీ?”

“టైటిల్స్‌లో లేదండీ. తెర మీద ఉన్నదే…”

“తెర మీద లేనా నేను? డైలాగు కూడా ఉంది! రాయి. వంటాయన పేరు కన్నా పైన.”

ఆయన వెనుక వరుస కట్టారండీ! సినిమా మనుషులు కదా, పేరు పడే అవకాశం కనిపిస్తే పెళ్లి వీడియో అయినా వదలరు. “పరుపు మోసింది నేను.” “పన్నీరు చల్లిన చెయ్యి నాదే, ముఖం పడలేదు.” వందకు పైగా పేర్లతో ఆ రికార్డు ఇప్పటికీ మా కేటలాగులో అన్నిటికన్నా పొడవైనది. ‘చలనచిత్రం’ అన్న మాట కొట్టేసి ‘వివాహ వీడియో’ అని దిద్దాను. కామేశ్వర శర్మ గారిని గేయ రచయితగా ఉండనివ్వండని వాళ్లబ్బాయే వచ్చి బతిమాలాడు.

కాబట్టి మా బీరువాల సాక్షిగా, ఎర్ర పెన్సిల్ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై ఏ వీడియోనూ మొదటి నుంచి చివరిదాకా, మామూలు వేగంతో, మాటలతో సహా చూడకుండా కేటలాగు రాయను. బతికున్న మనిషికి ఫోన్ చేసే వీలుంటే చేసి తీరుతాను. ఈ ప్రతిజ్ఞ ఎంత బరువైందో మరుసటి వారమే తెలిసింది. సభ్యులంతా తమ తమ పెళ్లి క్యాసెట్లు తెచ్చి ఇచ్చారు. నలభై మూడు పెళ్లిళ్లు. అన్నిట్లోనూ పరుపులు దించారు.

ఇక కృతజ్ఞతలు. నిజం మొదటే చెప్పి, తర్వాత ‘నేను చెప్పలే?’ అని ఒక్కసారి కూడా అనని యాదగిరన్నకు. గది నిలబెట్టిన రామ్మోహనరావు గారికి. నా వల్ల డాక్టరు దాకా వెళ్లి కూడా నన్ను ఆశీర్వదించిన చలపతి గారికి, అంత పెద్ద నవ్వు నవ్విన విమల గారికి. చివరగా శ్రీధర్ గారికి. ఆయన కోరినట్టే రికార్డు కాపీ తీసి, సంతకం చేసి, స్టాంపు వేసి ఇచ్చాను. చివరి వరుసలో, నియమాల ప్రకారం, నేను పూర్తిగా చూశాకే ఒక గమనిక చేర్చాను: ‘ఇందులో క్రికెట్ ఏ భాగంలోనూ లేదు.’ ఆ కాగితం ఇప్పుడు విశాఖలో వాళ్ల హాల్లో, పెళ్లి ఫోటో పక్కన, అద్దం బిగించి ఉందట. నేను రాసిన కేటలాగుల్లో ఫ్రేము కట్టించుకున్నది అదొక్కటే.