వెనకగదిలో బొగ్గుబాయి

మా పక్కింటి కొమురెల్లి రోజూ పొద్దున్నే డ్యూటీకి పోతాడు. ఆ డ్యూటీ ఆయన ఇంటి వెనకగదిలోనే ఉంది.

వంటింట్లోంచి ఆ గదికి తలుపుంది. కొమురెల్లి దాన్ని వాడడు, అడ్డంగా బియ్యం డ్రమ్ము పెట్టించాడు. బూట్లు తొడుక్కుని, టిఫిన్ క్యారేజీ పట్టుకుని, బొగ్గుగనిలో పనిచేసిన తండ్రి సదయ్య తాలూకు పాత పసుపు హెల్మెట్ నెత్తిన పెట్టుకుని ముందు గుమ్మంలోంచి బయలుదేరతాడు. వీధంతా చుట్టి, మా కిటికీ ముందునుంచి నడిచి, వెనక సందులోంచి తన గదిలోకి 'దిగుతాడు'. గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి అంటారు. కొమురెల్లికి ఆ గది బాయి. అందులో ఆయన తవ్వేది బొగ్గు కాదు, బెంగళూరు కంపెనీ ఒకదాని బీమా క్లెయిములు.

"పోయొస్త వినీత్ అన్నా!"

"ఎక్కడికి?" అని మొదట్లో అడిగేవాణ్ణి.

"ఎక్కడికేంది? డ్యూటీకి!"

బాయి దిగేముందు మనిషి జేబులు తడమడం గనుల్లో రివాజు. బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోకూడదు. ఇక్కడ ఆ సోదా చేసేది ఆయన భార్య జమున.

"ఏందిది?"

"ఫోను."

"ఇది లోపలికి పోవచ్చునా?"

"పోవద్దు."

"మరెందుకు వెట్టుకున్నవ్?"

"నువ్వు సక్కగ చూస్తున్నవా లేదా అని."

సోదా అయ్యాక ఇత్తడి బిళ్ల. దిగేవాడు తన బిళ్లను గుమ్మం పక్క బోర్డుకు తగిలిస్తాడు, పైకొచ్చాక తీసుకుంటాడు. బోర్డు మీద బిళ్ల వేలాడుతోందంటే మనిషి ఇంకా లోపలున్నట్టు. సదయ్య కాలం నాటి ఆ ఏర్పాటును కొడుకు వెనకసందులో మేకులు కొట్టి మరీ నిలబెట్టాడు.

ఒకసారి గ్యాస్ సిలిండర్ వచ్చింది. జమున గది కిటికీ దగ్గర నిలబడి కేకేసింది. "జర లోపల వెట్టిపో!"

"నేను బాయిల ఉన్న."

"కనవడ్తున్నవ్ గదా!"

"కనవడ్డా లోపలున్నట్టే లెక్క. షిఫ్టు దిగినంక చూద్దాం."

సిలిండర్ నేను మోశాను. ఆ పూట నాకు గడువు దాటిన వ్యాసాలు రెండున్నాయి.

వీడియో మీటింగులో మేనేజరు అడిగాడట, ఆ హెల్మెట్ ఎందుకని. "పైకప్పును ఎట్ల నమ్ముతం సార్?" అన్నాడట కొమురెల్లి. మేనేజరు నవ్వలేదు, తన గది పైకప్పు వైపు చూశాడు. అదే మేనేజరు ఇంకోసారి ఆదివారం పని చేయమన్నాడు. "ఆదివారం దిగితే ప్లేడే అయితది సార్. డబుల్ మస్టర్ పడాలె," అన్నాడు ఈయన. మస్టరంటే హాజరనీ, సెలవునాడు పనిచేస్తే రెండు రోజుల జీతమనీ తెలుసుకున్నాక ఆ పెద్దమనిషి ఆదివారం ఊసెత్తలేదు. పైగా ఆ ఏడాది ఉత్తమ ఉద్యోగి కప్పు కొమురెల్లికే పంపించారు. మా అమ్మాయి మైత్రి తన బొమ్మల్ని కూర్చోబెట్టుకునేంత కప్పు!

నాకు ఒళ్లు మండింది.

నేనూ ఇంటినుంచే పనిచేస్తాను. హైదరాబాదులో ఒక ఆన్‌లైన్ పాఠాల కంపెనీకి వ్యాసాలు రాస్తాను. పీజీ చదివినవాణ్ణి కాబట్టి నాకు షిఫ్టులూ సోదాలూ అక్కర్లేదు, స్వేచ్ఛగా పనిచేస్తాను. అంటే మంచం మీద, భోజనాల బల్ల మీద, బావమరిది పెళ్లిపందిట్లో, ఒకసారి దవాఖానలో సెలైన్ ఎక్కుతుండగా కూడా. ఇంత స్వేచ్ఛ అనుభవించినా నా పని ఎప్పుడూ సగంలోనే ఉంటుంది. ఆయనది సాయంత్రం గని సైరన్ మోగేసరికి అయిపోతుంది.

"ఆయన్ని చూడండి, మొహం ఎంత తేటగా ఉందో," అంది మా ఆవిడ ధరణి.

"హెల్మెట్ నీడ," అన్నాను.

ఒక్క విషయంలో మాత్రం కొమురెల్లి నాకు చిక్కాడు. సాయంత్రం ఊళ్లో సైరన్ మోగగానే బిళ్ల తీసుకుని బయటపడతాడు కదా. బాయి దిగొచ్చినవాడు మొదట చేయాల్సింది స్నానం. ఈయన చేయడు! భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టె పట్టుకుని వెనకసందు వైపున్న మా ప్రహరీగోడ మీద కూర్చుంటాడు. అక్కణ్ణుంచి నా ప్రాణం తీస్తాడు.

"అన్నా, సూది ఉన్నదా?"

"లేదు."

"అన్నా, జర బయటికొచ్చి చూడు, మబ్బు వట్టింది."

"కిటికీలోంచి కనిపిస్తోంది."

"అన్నా, ఈ సబ్బు వాసన మంచిగున్నదా?"

"కొమురెల్లీ, పనిలో ఉన్నాను!"

"సరే, ఫికర్ వద్దు. ఈడ్నే ఉంట."

అన్నీ సైరన్ ప్రకారం చేసే మనిషి స్నానం దగ్గరే ఎందుకు తప్పుతాడో నాకు అంతుపట్టలేదు. పరమసుఖీ, ఉట్టి బద్ధకస్తుడూ అని తేల్చేశాను.

ఆ గోడ మీది కాలక్షేపంలో మా మైత్రి కూడా చేరింది. దాని సైకిలుకు పక్కచక్రాలు తీయించి, నేనే నేర్పిస్తానని మాటిచ్చాను. రేపన్నాను, శనివారమన్నాను, ఈ వ్యాసం అయ్యాకన్నాను. వ్యాసాలకు అంతూ పొంతూ లేదు. పిల్ల అడగడం మానేసింది. ఈమధ్య కిటికీలోంచి చూస్తే కొమురెల్లి ఆ సైకిలుకు గాలి కొడుతూ, చైనుకు నూనె వేస్తూ కనిపిస్తున్నాడు. మైత్రి గోడ మీద కాళ్లూపుతూ ఏదో చెబుతోంది, ఆయన నవ్వుతున్నాడు. కప్పు తీసుకున్నాడు, సరే. తేట మొహం తీసుకున్నాడు, అదీ సరే. ఇప్పుడు నా కూతురు మొదటిసారి సైకిలు తొక్కినప్పుడు వెనక పరుగెత్తే భాగ్యం కూడా ఈయనకేనా?

నిన్నటి సంగతి. కంపెనీవాళ్లు అర్జంటుగా ఒక వ్యాసం అడిగారు. విషయం: ఇంటినుంచి పనిచేస్తూ జీవితంలో సమతూకం సాధించడం ఎలా? ఇలాంటి హితబోధలంటే నాకు పరమ చిరాకు, అయినా గడువు గడువే. పొద్దుటి ఉప్మా ఇంకా పక్కనే ఉంది. 'కుటుంబంతో గడిపే సమయం అమూల్యమైనది' అని రాస్తుండగా సైరన్ మోగింది.

"అన్నా, మీ సైకిల్‌ల గాలి ఎక్కువైందేమో, జర ఒత్తి చూడు!"

"రాను!"

కాసేపటికి వెనకసందులోంచి మైత్రి గొంతు వినిపించింది. అది పుట్టి పెరిగింది ఇక్కడే, ఇక్కడి మాటే మాట్లాడుతుంది.

"కాకా, నాయిన ఇయ్యాల కూడ రాడు. నువ్వే నేర్పియ్యరాదు?"

నేను లాప్‌టాప్ పక్కన పడేసి లేచాను. సైకిలు సీటు మీద ఆ మనిషి చెయ్యి పడితే ఇవాళ ఏదో ఒకటి తేల్చేయాలి! సందు మలుపు తిరుగుతుండగా ఆయన జవాబు వినిపించింది.

"నేనెట్ల నేర్పుత బిడ్డా? అది మీ నాయిన డ్యూటీ. ఒకని డ్యూటీ ఇంకొకడు ఎక్కితే మస్టర్ పడదు."

"నాయిన వస్తలేడు గదా!"

"వస్తడు. అందుకే గదా నేను గీడ కూసున్న."

నా కోపానికి కాళ్లు విరిగాయి. ఎదురుగా బోర్డు కనిపించింది. పక్కిల్లే అయినా ఆ సందులోకి నేనెప్పుడూ వచ్చింది లేదు. బోర్డుకు మేకులు రెండున్నాయి. ఒకటి ఖాళీ. రెండోదానికి హార్లిక్స్ సీసా మూత వేలాడుతోంది, దాని మీద మేకుతో గీకిన పేరు: వినీత్.

"ఏంటిది కొమురెల్లీ?"

ఆయన సబ్బుపెట్టె వెనక్కి దాచుకున్నాడు, అదేదో దొంగసొత్తయినట్టు.

వంటింటి కిటికీలోంచి జమున అందుకుంది. "నన్నడుగు అన్నా, నేను చెప్త. నువ్వు పనికి కూసుంటే నీ బిళ్ల తలిగిస్తడు. నువ్వు లేస్తే గాని తానం చెయ్యడు. రోజు నీళ్లు కాగవెట్టుడు, సల్లారుడు, మల్ల కాగవెట్టుడు! నీ పనేమో గాని మా గ్యాసు ఒడుస్తున్నది!"

"మా నాయిన బాయిల ఒకపారి ఒక బిళ్ల మిగిలింది," అన్నాడు కొమురెల్లి నేల చూస్తూ. "షిఫ్టు షిఫ్టంత పైన నిలవడ్డరు, ఒక్కడు ఇంటికి పోలే. దొరికిండు. మూలకు కునుకు తీస్తున్నడట. అందరు తిట్టి, చాయ్ తాగిచ్చి తోలిచ్చిండ్రు. లోపల మనిషుండంగ షిఫ్టు ఎట్ల అయిపోతది అన్నా?"

మూత తీసుకుందామని చెయ్యి చాచాను.

"ఆగు!" ఆయన నా జేబులు తడిమి ఫోను లాగాడు. "ఏందిది? మైత్రీ, పట్టుకో. సైకిల్ నేర్చినంక ఇయ్యి."

అప్పుడు మూత నా చేతిలో పెట్టి, కాలనీ అంతా వినిపించేలా కేకేశాడు.

"అందరు పైకొచ్చిండ్రు! జమునా, నీళ్లు తోడు!"

మైత్రి సీటెక్కింది. నేను పట్టుకుని పరుగెత్తాను, రొప్పాను, మలుపు దగ్గర వదిలేశాను. అది పడలేదు. పడింది నేనే, బూట్లు లేవు కదా. స్నానాలగదిలోంచి కొమురెల్లి కూనిరాగం వినిపిస్తోంది. వేడినీళ్ల ఆవిరి కిటికీలోంచి బయటికొస్తోంది.

వ్యాసం ఇంకా పూర్తవలేదు. అసూయ కూడా పూర్తిగా పోలేదు. ఆ హెల్మెట్ లాంటిది ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవాలి.